పిల్లల్లో స్లీప్ ఆప్నియా: ఇంట్లో చేసే పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల గురకకు ఇంట్లోనే పరీక్ష చేయవచ్చని తెలిసినప్పటి నుంచి తల్లిదండ్రులు అడుగుతున్న సందేహాలు దాదాపు ఇవే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. ఒక్క మాట ముందే చెప్పాలి. నిద్రలో పిల్లల పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఆగి లేపినా లేవకపోయినా ఏ పరీక్ష కోసమూ ఆగకండి, వెంటనే అత్యవసర చికిత్స విభాగానికి తీసుకెళ్లండి.

## అనుమానం వచ్చినప్పుడు

పిల్లలన్నాక గురక పెట్టరా? దీనికి కూడా పరీక్ష అవసరమా?

జలుబుతో ముక్కు మూసుకుపోయి నాలుగు రోజులు గురక పెట్టి, ముక్కు తెరుచుకోగానే మానేస్తే పట్టించుకోనక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు, అంతకన్నా ఎక్కువ రాత్రులు గురక వినిపిస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పవలసిన విషయమే. పదిమంది పిల్లల్లో దాదాపు ఒకరు ఇలా తరచుగా గురక పెడతారు. నిద్రలో శ్వాసకు అడ్డుపడే స్లీప్ ఆప్నియా మొత్తం పిల్లల్లో 1 నుంచి 5 శాతం మందికి ఉంటుందని అంచనా. అంటే గురక పెట్టేవారందరికీ ఈ జబ్బు ఉండదు. కానీ ఏ గురక వెనక జబ్బు ఉందో కేవలం చెవితో విని తేల్చడం అనుభవమున్న డాక్టర్లకూ సాధ్యం కాదు.

అసలు నిద్రలో ఏం జరుగుతుంది?

నిద్రపోగానే గొంతు కండరాలు సడలుతాయి. అక్కడ దారి ముందే ఇరుకుగా ఉంటే గాలి సగమే వెళ్తుంది, లేదా కొన్ని క్షణాలు పూర్తిగా ఆగిపోతుంది. ఛాతీ మాత్రం గాలి కోసం గట్టిగా లాగుతూనే ఉంటుంది. మెదడు పసిగట్టి క్షణకాలం మేలుకుంటుంది, దారి తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. రాత్రంతా ఇదే తంతు. రెండు నుంచి ఎనిమిదేళ్ల మధ్య గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అలాంటి కణజాలమైన అడినాయిడ్స్ శ్వాసమార్గంతో పోలిస్తే పెద్దవిగా ఉంటాయి కాబట్టి ఈ వయసులోనే సమస్య ఎక్కువగా బయటపడుతుంది. ఊబకాయం, చిన్న దవడ, ముక్కు అలర్జీ కూడా కారణం కావచ్చు.

మా బాబు పగలు కునుకు తీయడు సరికదా, ఒక్కచోట కుదురుగా కూర్చోడు. నిద్ర చాలనివాడు ఇలా ఉంటాడా?

ఉంటాడు. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే తూగుతారు. పిల్లల్లో చాలామంది అందుకు విరుద్ధంగా చిరాకుగా, దూకుడుగా, ఏ పని మీదా మనసు నిలవకుండా తయారవుతారు. బడిలో ‘అల్లరి’ అనో, ‘శ్రద్ధ లేదు’ అనో ముద్ర పడుతుంది. ఆ ముద్ర వేసేముందు ఎవరైనా ఒకసారి రాత్రి నిద్ర గురించి అడగాలని నేను గట్టిగా కోరుకుంటాను. నోరు తెరిచి పడుకోవడం, మెడ వెనక్కి వంచి నిద్రపోవడం, పక్క తడిసేంత చెమట, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పొద్దున్నే తలనొప్పి, బరువు పెరగకపోవడం కూడా గమనించవలసిన గుర్తులే.

గొంతు చూసి టాన్సిల్స్ చిన్నవే అన్నారు. ఆప్నియా లేనట్టేనా?

అలా తేల్చలేం. టాన్సిల్స్ పరిమాణానికీ ఆప్నియా తీవ్రతకూ సంబంధం అంత గట్టిది కాదు. పెద్ద టాన్సిల్స్ ఉండి హాయిగా నిద్రపోయేవారున్నారు, చిన్నవే ఉండి రాత్రంతా ఇబ్బంది పడేవారున్నారు. పైగా అడినాయిడ్స్ ముక్కు వెనక ఉంటాయి, నోరు తెరిపించి చూస్తే కనిపించవు.

## ఏ పరీక్ష అన్న ఆలోచనలో

ఇంటి పరీక్ష అంటే ఒంటికి ఏమేం తగిలిస్తారు?

ఒకే పేరుతో పిలిచినా రకాలు వేరు. అన్నిటికన్నా చిన్నది వేలికి పెట్టే ఆక్సీమీటర్, ఇది రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ శాతాన్నీ నాడినీ నమోదు చేస్తుంది. దాని పై మెట్టు పాలీగ్రఫీ. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి ఒకటి, పొట్టకు ఒకటి బెల్టులు, వేలికి ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. ఎక్కువమంది ఇంటి పరీక్ష అనేది దీన్నే. స్లీప్ ల్యాబ్‌లో చేసే పాలీసోమ్నోగ్రఫీలో వీటికి తోడు మెదడు తరంగాలను నమోదు చేసేందుకు తలకు ఈఈజీ తీగలు, కళ్ల కదలికలను, గడ్డం, కాళ్ల కండరాలను పట్టే సెన్సర్లు, కార్బన్ డయాక్సైడ్ కొలత, వీడియో ఉంటాయి. రాత్రంతా టెక్నీషియన్ మేలుకుని చూస్తూ ఉంటారు. తీగలన్నీ ఇంట్లోనే తగిలించే పద్ధతీ ఉంది కానీ అరుదు. మీకు రాసింది వీటిలో ఏదో తప్పకుండా అడగండి. రాబోయే రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చో దాన్ని బట్టే ఉంటుంది.

పెద్దవాళ్లకు ఇంట్లోనే చేస్తున్నారు. పిల్లలకు ఎందుకు వద్దంటున్నారు?

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఈ విషయంపై తన వైఖరి ప్రకటించింది. పిల్లల్లో స్లీప్ ఆప్నియా నిర్ధారణకు ఇంటి పరీక్షను సిఫారసు చేయలేమన్నది దాని సారాంశం. కారణాలు పిల్లల శరీరంలోనే ఉన్నాయి.

పెద్దవారిలో ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితేనే ఆప్నియాగా లెక్కిస్తారు. పిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు, అందుకే రెండు శ్వాసలు తీసుకునేంత సేపు అడ్డుపడినా లెక్కలోకి వస్తుంది. ఆ కాస్త వ్యవధిలో ఆక్సిజన్ పెద్దగా తగ్గకపోవచ్చు. మెదడు ఉలిక్కిపడి దారి తెరిపిస్తుంది. ఆ ఉలికిపాటు ఈఈజీలోనే కనిపిస్తుంది. ఇంటి పాలీగ్రఫీలో ఈఈజీ లేదు కనుక ఇలాంటివి లెక్కకే రావు.

రెండోది నిద్ర సమయం. ఈఈజీ లేకపోతే పాప ఎంతసేపు నిజంగా నిద్రపోయిందో యంత్రానికి తెలియదు. ఒక ఉదాహరణ చూడండి. యంత్రం 10 గంటలు నడిచింది, పాప నిద్రపోయింది 7 గంటలే, శ్వాస అడ్డుపడింది 35 సార్లు. నిద్ర గంటలతో భాగిస్తే గంటకు 5 వస్తుంది. యంత్రం నడిచిన గంటలతో భాగిస్తే 3.5 మాత్రమే. అదే రాత్రి, అదే పాప, కానీ రిపోర్టులో జబ్బు తేలికైపోయింది.

మూడోది కార్బన్ డయాక్సైడ్. కొందరు పిల్లల్లో ఊపిరి పూర్తిగా ఆగదు, గంటల తరబడి ఇరుకు దారిలోనే ఈడ్చుకుంటూ సాగుతుంది. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. నిద్రలో నాలుగో వంతుకు మించిన సమయం అది 50 మిల్లీమీటర్ల పాదరసం పైన ఉంటే శ్వాస చాలడం లేదని అర్థం. మామూలు ఇంటి పరికరాలు దీన్ని కొలవవు.

మరి మా డాక్టరుగారు ఇంటి పరీక్షే రాశారు. తప్పు చేశారా?

అనుకోనక్కర్లేదు. పిల్లల ల్యాబ్‌లు ప్రపంచమంతటా తక్కువే, తేదీ కోసం నెలలు పట్టే చోట్లు చాలా ఉన్నాయి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012 మార్గదర్శకాల్లోనే, ల్యాబ్ పరీక్ష అందుబాటులో లేకపోతే రాత్రి వీడియో, రాత్రి ఆక్సీమెట్రీ, ఇంటి దగ్గర చేసే రికార్డింగ్ వంటి ప్రత్యామ్నాయాలు వాడవచ్చని ఉంది. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2016లో ఇలాంటి మాటే చెప్పింది. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు. ‘ఇందులో ఏమీ కనిపించకపోతే తర్వాత ఏం చేద్దాం?’ అని పరీక్షకు ముందే డాక్టరును అడగండి. దానికి స్పష్టమైన జవాబు ఉంటే ఇంటి పరీక్ష మంచి మొదటి మెట్టు.

ఎవరికి ఇంటి పరీక్ష అసలు పనికిరాదు?

రెండేళ్లలోపు పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు, కండరాల, నరాల జబ్బులున్నవారు, ముఖం, దవడ ఎముకల నిర్మాణంలో పుట్టుకతో తేడా ఉన్నవారు, సికిల్ సెల్ జబ్బు, మ్యూకోపాలీశాకరైడోసిస్ అనే అరుదైన జన్యు వ్యాధి, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు నేరుగా ల్యాబ్‌కే వెళ్లాలి. తీవ్రమైన ఊబకాయం ఉన్న పిల్లలూ అంతే. వీరిలో అడ్డంకితో పాటు శ్వాస తగ్గిపోవడం, మెదడు ఆదేశం అందక ఊపిరి ఆగడం కలిసి ఉండవచ్చు. వాటిని విడదీసి చూపడం చిన్న యంత్రాల వల్ల కాదు.

మా పాపకు తొమ్మిది నెలలు. మధ్యమధ్య ఊపిరి ఆగినట్టు అనిపిస్తుంది. ఇంటి మానిటర్ కొనాలా?

ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. పసిపిల్లల్లో కొన్ని సెకన్ల పాటు శ్వాస ఆగి మళ్లీ మొదలవడం తరచుగా సహజమే. ఏది సహజమో ఏది కాదో మీరు ఒంటరిగా తేల్చుకోవలసిన పని లేదు. బజారులో దొరికే శిశు మానిటర్లు ఆప్నియాను నిర్ధారించవు, నిద్రలో వచ్చే ఆకస్మిక మరణాన్ని అవి ఆపుతాయన్న రుజువూ లేదు. పాపను వెల్లకిలా, గట్టి పరుపు మీద, చుట్టూ దిండ్లూ దుప్పట్లూ లేకుండా పడుకోబెట్టడం తప్పనిసరి.

చేతి గడియారమో, ఇంట్లో ఉన్న వేలి ఆక్సీమీటరో చాలదా?

చాలదు. ఇంట్లో ఉండే వేలి ఆక్సీమీటర్ ఆ క్షణం అంకెను చూపిస్తుంది. మీరు చూసినప్పుడు 98 ఉండి, తెల్లవారుజామున నాలుగింటికి 84కు పడిపోవచ్చు. పరీక్షకు వాడేది రాత్రంతా జ్ఞాపకం ఉంచుకునేది, రెండు మూడు సెకన్ల సగటుతో లెక్కించేది. ఎక్కువసేపు సగటు తీసే యంత్రంలో చిన్న చిన్న తగ్గుదలలు చదునైపోతాయి. స్మార్ట్ వాచీలు పెద్దల మణికట్టును దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటి అంకెను చూసి భయపడటమూ, నిశ్చింతగా ఉండటమూ రెండూ సరికాదు.

ఫోనులో వీడియో తీసి చూపిస్తే ఉపయోగమా?

చాలా ఉపయోగం. ఇంటి నుంచి తల్లిదండ్రులు తీసుకురాగలిగిన వాటిలో దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. దుప్పటి తీసేసి, చొక్కా గుండీలు విప్పి, ముఖం నుంచి పొట్ట వరకూ ఒకే చట్రంలో కనిపించేలా తీయండి. గది నిశ్శబ్దంగా ఉండాలి. శబ్దం ఎంత ముఖ్యమో శబ్దం ఆగిపోవడమూ అంతే ముఖ్యం. పక్క నుంచి పడే మసక వెలుతురు చాలు. కనీసం రెండు మూడు నిమిషాలు ఆపకుండా తీయండి. తెల్లవారుజామున తప్పకుండా ఒకటి తీయండి, కలలు వచ్చే నిద్ర దశ అప్పుడే ఎక్కువ, పిల్లల్లో ఆప్నియా కూడా ఆ దశలోనే ముదురుతుంది. గాలి లోపలికి లాగేటప్పుడు పొట్ట ఉబ్బుతూ ఛాతీ లోపలికి పోతోందా అని డాక్టరు చూస్తారు. మూడేళ్లు దాటిన పిల్లల్లో అది శ్రమకు గుర్తు.

ప్రశ్నపత్రం ఇచ్చి నింపమన్నారు. దీంతో జబ్బు తెలిసిపోతుందా?

తెలియదు, అవకాశం ఎంతో తెలుస్తుంది. బాగా వాడుకలో ఉన్న ‘పీడియాట్రిక్ స్లీప్ క్వశ్చనేర్’లో 22 ప్రశ్నలుంటాయి. మూడో వంతుకు ‘అవును’ అని వస్తే లోతుగా చూడాలని అర్థం. తెలియని చోట ఊహించి రాయకండి, ‘తెలియదు’ అనే రాయండి.

## పరీక్ష రాత్రి

సరిగ్గా ఇప్పుడే జలుబు చేసింది. అయినా చేయించేయాలా?

వాయిదా వేయండి. జలుబులో ముక్కు మూసుకుపోయి ఫలితం ఉన్నదానికన్నా ఘోరంగా కనిపిస్తుంది. పూర్తిగా తగ్గి రెండు మూడు వారాలు గడిచాక చేస్తే అది మీ బిడ్డ మామూలు రాత్రి అవుతుంది. నిద్ర వస్తుందని దగ్గు మందు, అలర్జీ మందు కొత్తగా ఇవ్వకండి. రోజూ వాడే మందులు మాత్రం డాక్టరు ఆపమంటే తప్ప ఆపకూడదు.

మా పాప చెవికి కమ్మ కూడా ఉంచుకోదు. ఈ గొట్టాలు ఉంచుకుంటుందా?

రెండు మూడు రోజుల ముందు నుంచే మొదలుపెట్టండి. యంత్రం అప్పటికి రాకపోతే ఒక మెత్తని పట్టీని పొట్టకు కట్టి, వేలికి చిన్న ప్లాస్టర్ అంటించి ఆడించండి. బొమ్మకు ముందు తగిలించి, తర్వాత పాపకు. పరీక్ష రోజు బెల్టులు పల్చటి రాత్రి దుస్తుల మీద ముందే కట్టేయవచ్చు. వేలి సెన్సర్‌కు బదులు కాలి బొటనవేలికి పెట్టి పైన సాక్సు తొడిగితే చిన్న పిల్లలు మరచిపోతారు. ముక్కు గొట్టాన్ని గాఢంగా నిద్రపోయాక పెట్టి, బుగ్గల మీద చర్మానికి హాని చేయని టేపుతో అంటించండి. బలవంతం చేసి ఏడిపించి పెట్టిన రాత్రి రికార్డింగ్ ఎందుకూ పనికిరాదు.

నొప్పి ఉంటుందా? కరెంటు షాక్ భయమా?

రెండూ లేవు. సూదులు ఉండవు, పరికరాలు చిన్న బ్యాటరీతో నడుస్తాయి. టేపు తీసేచోట చర్మం కాస్త ఎర్రబడవచ్చు.

మధ్యలో సెన్సర్ ఊడిపోతే పరీక్ష వృథాయేనా?

ఎప్పుడు, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మెలకువ వస్తే మళ్లీ అంటించి, సమయం రాసిపెట్టండి. ఆక్సిజన్ రికార్డు పదేపదే తెగినా, మంచి సంకేతాలతో కొన్ని గంటల నిద్ర దొరకకపోయినా మరో రాత్రి చేయమంటారు. ఇంటి పరీక్షల్లో ఇలా మళ్లీ చేయవలసి రావడం మామూలే, మీ నిర్లక్ష్యం అనుకోకండి. నోటితో ఊపిరి తీసే పిల్లల్లో గొట్టం ఊడకపోయినా ముక్కు దగ్గర గాలి నమోదు కాకపోవచ్చు. ఆ అలవాటు ఉంటే ముందే చెప్పండి.

నేను రాత్రంతా మేలుకుని చూస్తూ ఉండాలా?

అవసరం లేదు. ఒకటి రెండుసార్లు లేచి సెన్సర్లు చూసుకుంటే చాలు. ఒక కాగితం మీద దీపం ఆర్పిన సమయం, నిద్రపట్టిన సమయం, మెలకువలు, బాత్రూముకు వెళ్లడం, చివరికి లేచిన సమయం రాయండి. ఈఈజీ లేని పరీక్షలో నిద్ర గంటలు లెక్కించడానికి ఆ కాగితమే ఆధారం, గోడ గడియారాన్నీ యంత్రం సమయాన్నీ ముందే సరిచూసుకోండి. రోజూ తల్లి పక్కనే పడుకునే బిడ్డ ఆ రాత్రీ అలాగే పడుకోవచ్చు, మీ చేతికి సెన్సర్లు తగలకుండా కొంచెం ఎడం ఉంటే చాలు.

## రిపోర్టు చేతికొచ్చాక

ఏహెచ్‌ఐ 6 అని వచ్చింది. ఇంటర్నెట్‌లో చూస్తే ‘తేలికపాటి’ అని ఉంది. ఊరట చెందవచ్చా?

మీరు చూసింది పెద్దవారి కొలమానం. ఏహెచ్‌ఐ అంటే నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా తగ్గింది అన్న లెక్క. పెద్దల్లో 5 నుంచి 15 వరకు తేలిక, 30 దాటితే తీవ్రం. పిల్లల్లో సాధారణంగా 1 నుంచి 5 వరకు తేలిక, 5 నుంచి 10 వరకు మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. అంటే మీ బిడ్డది మధ్యస్థం. పైగా ఇంటి పాలీగ్రఫీలో వచ్చిన 6 అసలు కన్నా తక్కువ కావచ్చు. రిపోర్టును ఏ వయసు కొలమానంతో చదివారో పైన రాసి ఉందో లేదో చూడండి. 13 ఏళ్లు దాటినవారికి కొన్నిచోట్ల పెద్దల నియమాలు వాడతారు.

రిపోర్టు నార్మల్. కానీ గురక అలాగే ఉంది, మధ్యలో ఊపిరి ఆగుతోంది. ఏది నమ్మాలి?

మీ కళ్లను నమ్మండి. ఇంటి పరీక్ష ‘ఉంది’ అంటే చాలావరకు నిజమే. ‘లేదు’ అన్నప్పుడు మాత్రం అది తుది తీర్పు కాదు. అది చూడలేనివి చాలా ఉన్నాయి: మెదడు ఉలికిపాట్లు, కార్బన్ డయాక్సైడ్, నిజమైన నిద్ర సమయం. లక్షణాలు బలంగా ఉండి ఇంటి రిపోర్టు శుభ్రంగా వస్తే తర్వాతి అడుగు ల్యాబ్ పరీక్ష. ‘నార్మల్ వచ్చింది కదా, ఇక చూద్దాం’ అని ఎవరైనా అంటే, మీరు తీసిన వీడియో ముందు పెట్టి, ‘మరి ఇది ఏమిటి?’ అని మర్యాదగా, పట్టు వదలకుండా అడగండి. ఆ హక్కు మీకుంది. నెలల తరబడి నిద్ర చెడిన పిల్లలను ఒక్క శుభ్రమైన కాగితం అడ్డుపెట్టుకుని ఇంటికి పంపేయడం కన్నా బాధాకరమైనది ఈ విషయంలో మరొకటి లేదు.

ఆక్సీమెట్రీ రిపోర్టులో ‘మెక్‌గిల్ స్కోరు 1’ అని ఉంది. మంచిదేనా?

రాత్రి ఆక్సిజన్ గీతను 1 నుంచి 4 వరకు అంచనా వేసే పద్ధతి ఇది. ఆక్సిజన్ గుంపులు గుంపులుగా తగ్గుతూ, కనీసం మూడుసార్లు 90 శాతం కిందికి పోతే 2, 85 కిందికి పోతే 3, 80 కిందికి పోతే 4. స్కోరు 1కి రాసే పూర్తి అర్థం ‘సాధారణం లేదా తేల్చలేనిది’. ఆ రెండో సగాన్ని చాలామంది చదవరు. స్కోరు 3, 4 వస్తే ఆలస్యం చేయకుండా నిపుణులను కలవాలి.

‘సెంట్రల్ ఆప్నియా’ కొన్ని ఉన్నాయని రాశారు. మెదడులో ఏదైనా సమస్యా?

సెంట్రల్ ఆప్నియా అంటే గొంతులో దారి మూసుకోకుండానే, మెదడు ఆదేశం అందక ఊపిరి ఆగడం. నిట్టూర్పు తర్వాతో, పక్కకు దొర్లిన తర్వాతో కొన్ని క్షణాలు ఊపిరి తీయకపోవడం ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ ఉంటుంది. యంత్రం వాటినీ రాసేస్తుంది. ఎక్కువగా ఉన్నా, ఎక్కువసేపు ఉన్నా, ఆక్సిజన్ బాగా తగ్గుతున్నా అప్పుడు ల్యాబ్‌లో చూడాలి.

## ఆ తర్వాత

ఆప్నియా ఉందని తేలింది. వెంటనే ఆపరేషనేనా?

టాన్సిల్స్, అడినాయిడ్స్ పెద్దవిగా ఉన్న పిల్లలకు వాటిని తీయడమే సాధారణంగా మొదటి చికిత్స. అయితే ప్రతి ఒక్కరికీ ఈ నెలలోనే చేయాలని లేదు. 2013లో వెలువడిన ‘చాట్’ అధ్యయనంలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఆపరేషన్ చేశారు, రెండో వర్గాన్ని పరిశీలనలో ఉంచారు. ఏడు నెలలకు ఆపరేషన్ అయినవారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష సాధారణ స్థితికి వచ్చింది. పరిశీలనలో ఉన్నవారిలోనూ 46 శాతం మందికి వచ్చింది. ఏకాగ్రత పరీక్షల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రవర్తన, లక్షణాలు, జీవన నాణ్యత మాత్రం ఆపరేషన్ అయినవారిలోనే బాగా మెరుగయ్యాయి. ఆక్సిజన్ బాగా పడిపోయే తీవ్రమైన కేసులు ఆ అధ్యయనంలో లేవు, కాబట్టి వారికి ‘వేచి చూద్దాం’ అన్నది వర్తించదు. తేలికపాటి సమస్యకు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే, అవసరమైతే బరువు తగ్గడం, ఆపరేషన్ సరిపడనివారికి సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి దారి తెరిచి ఉంచే యంత్రం) వంటి దారులున్నాయి.

ఆపరేషన్ ఎలాగూ చేస్తారు కదా, ముందు ఈ రిపోర్టు ఎందుకు?

ఆ రాత్రి బిడ్డ ఎక్కడ పడుకోవాలో నిర్ణయించడానికి. మూడేళ్లలోపు పిల్లలను, ఏహెచ్‌ఐ 10 లేదా ఆపైన ఉన్నవారిని, ఆక్సిజన్ 80 శాతం కిందికి పోయినవారిని ఆపరేషన్ రాత్రి ఆసుపత్రిలోనే పరిశీలనలో ఉంచాలి. మత్తు ఇచ్చే డాక్టరుకూ ఈ సమాచారం కావాలి, ఆప్నియా ఉన్న పిల్లల్లో నొప్పి మందులు శ్వాసను మరింత తగ్గించగలవు. 18 ఏళ్లలోపు వారికి టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ అనే నొప్పి మందు ఇవ్వకూడదు.

గురక తగ్గింది. మళ్లీ పరీక్ష చేయించాలా?

ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు డాక్టరు మళ్లీ చూడాలి. ముందు తీవ్రంగా ఉన్నవారికి, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్ వంటివి ఉన్నవారికి, లక్షణాలు మిగిలినవారికి ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష అవసరం. గురక ఆగినంత మాత్రాన వీరిలో జబ్బు పోయినట్టు కాదు.

ల్యాబ్ తేదీ ఇంకా నెలల దూరంలో ఉంది. ఈలోగా ఏం చేయాలి?

ముందుగా, రద్దయిన తేదీలు ఉంటే పిలవమని ల్యాబ్‌లో పేరు రాయించండి. ముక్కు అలర్జీకి చికిత్స డాక్టరును అడిగి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో పొగ తాగేవారుంటే మానాలి, ఆ పొగ పిల్లల శ్వాసమార్గాన్ని వాచేలా చేస్తుంది. రెండు మూడు వారాలకోసారి కొత్త వీడియో తీయండి. శ్వాస ఆగే విరామాలు పెరుగుతున్నా, పాలు తాగడం, తినడం కష్టమవుతున్నా, బరువు తగ్గుతున్నా ఆ వీడియోతో డాక్టరు దగ్గరికి వెళ్లి తేదీ ముందుకు జరపమని రాయించుకోండి. ఏ కారణంతోనైనా మత్తు ఇవ్వవలసి వస్తే, పంటి చికిత్సకైనా సరే, ‘నిద్రలో శ్వాస ఆగుతుందని అనుమానం ఉంది, పరీక్ష ఇంకా కాలేదు’ అని ముందే చెప్పండి.